లెక్కలోకి రాని ములికి

చేతిలో విల్లు లేని అల్లూరి సీతారామరాజు బొమ్మ మీలో ఎంతమంది చూశారు? కాషాయ బట్టలు, గడ్డం, భుజాన అమ్ములపొది, చేతిలో విల్లు. ఊరి సెంటర్లో సిమెంటు విగ్రహమైనా, 1974లో కృష్ణ గారి సినిమా అయినా, 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ అయినా అదే రూపం. మనందరికీ ఆ విల్లు గుర్తుంది. ఆ బాణం కొసన ఉండే ఇనుప ముక్కని మాత్రం ఎవరూ పట్టించుకోం. దాన్ని తెలుగులో ములికి అంటారు. ఈ వ్యాసం రాజు జీవితం గురించే గానీ, ఈసారి ఆ ములికి వైపు నుంచి చూద్దాం.

ముందుగా మన గూడెం వాళ్ళకి ఒక మాట. రాజు కథలో గూడెం అని వస్తే అది మన తాడేపల్లిగూడెం కాదు. విశాఖ మన్యంలో చింతపల్లికి అవతల ఉన్న గూడెం కొండలు. మన గూడెం చుట్టూ వరిచేలు, కాలువలు, ఇంకాస్త దిగితే కొల్లేరు. ఆ గూడెం చుట్టూ అడవి, ఘాట్లు, పోడు చేలు. రాజు మన వైపు మూలాలున్న మనిషి. బతుకు పంచుకున్నది మాత్రం ఆ గూడెంతో.

డెల్టా పిల్లాడు

రాజు 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో, అమ్మగారి ఊళ్ళో పుట్టాడు. సొంత ఊరు మాత్రం భీమవరం దగ్గర మోగల్లు. తండ్రి వెంకటరామరాజు రాజమండ్రిలో ఫొటోగ్రాఫర్. తల్లి సూర్యనారాయణమ్మ. 1908లో గోదావరి పుష్కరాల రోజుల్లో కలరా వచ్చి తండ్రి పోయాడు. అప్పటికి రాజు ఇంకా చిన్న పిల్లాడే. తర్వాత పినతండ్రి రామకృష్ణంరాజు నీడలో చదువు సాగింది. ఆయన నర్సాపురంలో తహసీల్దారు. అలా రాజు నర్సాపురం టేలర్ హైస్కూల్లో చేరాడు. ఈ రోజుల్లోనే చించినాడలో మిత్రుడి ఇంటి గుర్రం మీద స్వారీ నేర్చుకున్నాడని చెప్తారు.

చదువు మీద మనసు నిలవలేదు. రాజమండ్రి, కాకినాడ, నర్సాపురం, తుని అంటూ ఊళ్ళు మారాయి, బళ్ళు మారాయి, చదువు మధ్యలోనే ఆగింది. జాతకాలు, మూలికా వైద్యం, సంస్కృతం మీద ఆసక్తి పెరిగింది. 1916లో ఉత్తరాది యాత్రకి బయల్దేరాడు. తిరిగొచ్చాక 1917లో కృష్ణదేవిపేట చేరాడు. మైదానం అయిపోయి మన్యం మొదలయ్యే చోట ఉన్న ఊరది. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు. మనలో సెకండియర్, థర్డియర్ వాళ్ళ వయసు.

అడవి ఎవరిది?

కృష్ణదేవిపేటలో రాజు సన్యాసిలా ఉండేవాడు. జ్వరాలకి మందిచ్చేవాడు, ముహూర్తాలు చెప్పేవాడు, గొడవలు తీర్చేవాడు. సహాయ నిరాకరణ ఉద్యమం రోజుల్లో కల్లు, సారా మానమని, కోర్టులకి పోకుండా పంచాయతీల్లో తీర్చుకోమని ఊరూరా తిరిగి చెప్పాడు. మన్యం జనానికి అతని మీద గురి కుదిరింది.

వాళ్ళ కష్టం ఎక్కడుందో అతనికి తెలిసిందీ అప్పుడే. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవిలో చాలా భాగం రిజర్వు అయింది. పోడు కొట్టడానికి ఆంక్షలు, కట్టె తెచ్చుకోవడానికి ఆంక్షలు, పశువుల మేతకి ఆంక్షలు. తాతల నాటి నుంచి తమదనుకున్న అడవిలో అడుగు పెడితే నేరం. పన్ను వసూలు చేసి ఊళ్ళని నడిపిన ముఠాదారుల అధికారం కూడా కోతకి గురైంది. దానికి తోడు ఘాట్ రోడ్ల పని. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి జనాన్ని తోలుకుపోయి, కూలి సరిగా ఇవ్వకుండా పీడించాడు. గాం గంటందొర, గాం మల్లుదొర లాంటి ముఠాదారు కుటుంబాల వాళ్ళు అతనితో గొడవపడి విసిగిపోయి ఉన్నారు.

మన్యంలో 1879లోనే రంప పితూరీ జరిగింది. ఆ సంగతి ఇంకా జనం నోళ్ళలో ఉంది. అందుకే ఈ సన్యాసి మీద పోలీసులకి అనుమానం వచ్చింది. 1922 మొదట్లో రాజుని పట్టుకెళ్ళి కొన్నాళ్ళు నిఘాలో ఉంచారు. అప్పుడు పోలవరం డిప్యూటీ కలెక్టరుగా ఉన్న ఫజులుల్లా ఖాన్ అతని మీద దయ చూపించి, అడ్డతీగల వైపు పైడిపుట్టలో కొంత భూమి ఇప్పించాడు. వ్యవసాయం చేసుకుంటూ కుదురుగా ఉంటాడని ఆశ. రాజు కొన్నాళ్ళు ఉన్నాడు కూడా. తర్వాత కొండలెక్కేశాడు.

ములికి ఎలా పుడుతుంది

కొండమీద అతని కోసం ఎదురుచూస్తున్న జనం దగ్గర ఏ ఆయుధాలున్నాయి? కత్తులు, బల్లేలు, ముఖ్యంగా విల్లంబులు. ఇవి యుద్ధం కోసం చేసినవి కావు. రోజువారీ సామాన్లు. చైత్రంలో వచ్చే ఇటుకల పండక్కి మన్యంలో మగవాళ్ళు రోజుల తరబడి వేటకి పోయేవారు. వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు కొట్టి ఆటపట్టించేవాళ్ళు. అంటే విల్లు అక్కడ తిండికీ పరువుకీ సంబంధించిన వస్తువు.

మన కొండల్లో విల్లుకి వెదురు బద్ద. నారి కూడా చాలాచోట్ల వెదురు చీలికే. బాణం కర్రకి సన్న వెదురో, రెల్లు లాంటి గట్టి కాడో. వెనక ఈకలు. ఇవన్నీ వేటగాడు సొంతంగా చేసుకోగలడు. ఇనుప ములికి మాత్రం అలా కుదరదు. దానికి కొలిమి కావాలి, కమ్మరి కావాలి. మన్యంలో ఈ పని చేసే ఒక తెగే ఉంది. వాళ్ళని కమ్మర అనీ, కొండకమ్మర అనీ, ఓజులు అనీ అంటారు. ప్రభుత్వ షెడ్యూల్డు తెగల జాబితాలో కమ్మర పేరు ఇవాళ్టికీ ఉంది. నాగలి కర్రు, గొడ్డలి, కొడవలి, బాణం ములికి అన్నీ ఆ చేతుల్లోంచి వచ్చినవే.

మెకానికల్ వాళ్ళకి ఇది హాండ్ ఫోర్జింగ్ అన్నమాట. చిన్న ఇనుప ముక్కని కొలిమిలో ఎర్రగా కాల్చాలి. పటకారుతో తీసి, దాగలి మీద పెట్టి, సుత్తితో కొట్టి ఒక కొసని ఆకులా పల్చగా సాగదీయాలి. రెండో కొసని సన్నటి మేకులా, తోకలా లాగాలి. ఆ తోక కర్రలోకి దూరుతుంది. ఊడిపోకుండా, కర్ర చీలిపోకుండా పైన నార బిగించి చుట్టాలి. చివరికి రాయి మీద నూరి రెండంచులా పదును పెట్టాలి. వినడానికి ఇంతే. చెయ్యడానికి చెయ్యి తిరగాలి.

ఎందుకంటే వెడల్పు ములికితో ఒక చిక్కుంది. బాణం ముందుభాగంలో వెడల్పాటి రేకు ఉంటే అది గాల్లో చిన్న రెక్కలా పనిచేస్తుంది. ఒక పక్కకి కాస్త వంగినా, తోక నడిమికి రాకపోయినా, బాణం దారి తప్పుతుంది. వెనక ఈకలు దాన్ని కొంతవరకే సర్దగలవు. పైగా ఒక పొదిలోని ములుకులన్నీ ఇంచుమించు ఒకే బరువు ఉండాలి. లేకపోతే ఒక బాణానికి కుదిరిన గురి ఇంకో బాణానికి కుదరదు. వెర్నియర్ కాలిపర్స్ లేవు, డిజిటల్ కాటా లేదు. కమ్మరి కన్నూ అరచెయ్యీ చూసుకోవాల్సిందే. పిట్టలకైతే ఇంత తంటా లేదు, మొండి కొస బాణాలు చాలు. పెద్ద జంతువుకే వెడల్పు ములికి. అది తుపాకీ గుండులా దెబ్బతో పడగొట్టదు. లోపల కోసుకుంటూ పోతుంది. రక్తం పోయి జంతువు పడుతుంది. అందుకే ములికిలో పదునే ప్రాణం.

30 జౌళ్ళు, 3000 జౌళ్ళు

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. 30 గ్రాముల బాణం, సెకనుకు 45 మీటర్ల వేగం అనుకుందాం. చేతి విల్లుకి అది మంచి వేగమే. గతిశక్తి దాదాపు 30 జౌళ్ళు. అప్పటి బ్రిటిష్ సైన్యం వాడిన 303 రైఫిల్ గుండు బరువు 11 గ్రాముల పైచిలుకు, వేగం సెకనుకు 740 మీటర్ల పైమాట. శక్తి 3000 జౌళ్ళు దాటుతుంది. అంటే సుమారు వంద రెట్లు. దూరం సంగతి చెప్పనే అక్కర్లేదు. బాణం పదుల అడుగుల్లో నమ్మకంగా పనిచేస్తే, రైఫిల్ వందల గజాల్లో పనిచేస్తుంది.

బాణానికీ కొన్ని సుగుణాలున్నాయి. చప్పుడు లేదు, పొగ లేదు. మందుగుండు కోసం ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు. ఏరుకుంటే మళ్ళీ వాడుకోవచ్చు. పొదల్లో, దగ్గర్నుంచి, తెలిసిన అడవిలో అది భయంకరమైనదే. కానీ ఘాట్ రోడ్డు మీద వరసగా నిలబడి కాల్చే దళం ముందు చాలదు.

ఈ లెక్క రాజుకి జౌళ్ళలో తెలియకపోవచ్చు గానీ సంగతి మాత్రం బాగా తెలుసు. అందుకే అతని మొదటి పని తుపాకులు సంపాదించడం అయింది. విగ్రహం చూసి మనం మర్చిపోయే విషయం ఇదే. విల్లు పట్టిన జనాన్ని వెంటబెట్టుకుని రాజు వెళ్ళింది తుపాకుల కోసం.

మూడు రోజులు, మూడు స్టేషన్లు

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. వందల మంది, చేతుల్లో విల్లంబులు, కత్తులు, బల్లేలు. 11 తుపాకులు దొరికాయి. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. అక్కడ నిర్బంధంలో ఉన్న వీరయ్యదొరని విడిపించారు. మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులు, 2500కి పైగా తూటాలు చేతికొచ్చాయి. ఏమేం పట్టుకెళ్తున్నదీ స్టేషన్ రికార్డులో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడని చెప్తారు. ముందుగా కబురు పంపి దాడి చెయ్యడం కూడా అతని పద్ధతిగా పేరుపడింది. మిరపకాయ కట్టిన బాణంతో పంపే ఆ కబురునే జనం మిరపకాయ టపా అన్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. 26 తుపాకులన్న లెక్క ఇవాళ మన పుస్తకాల్లో ఉందంటే కారణం అవి సర్కారు సొత్తు. పోయింది కాబట్టి లెక్క రాసుకున్నారు. ఆ స్టేషన్ల మీదికి వెళ్ళినవాళ్ళు భుజాన వేసుకెళ్ళిన అంబులు సర్కారువి కావు. వాటిని ఏ రిజిస్టరూ లెక్కపెట్టలేదు. విచిత్రం ఏంటంటే, 1878 ఆయుధాల చట్టం నిర్వచనంలో తుపాకీ, కత్తి, బల్లెంతో పాటు విల్లంబుల పేరు కూడా ఉంది. చట్టంలో చోటు దొరికిన బాణానికి జాబితాలో చోటు దొరకలేదు.

దామనపల్లి నుంచి మంప దాకా

తర్వాత కథ వేగంగా నడిచింది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో రాజు దళం మాటు వేసింది. ముందు నడుస్తున్న భారతీయ సిపాయిల్ని పోనిచ్చి, వెనక వస్తున్న తెల్ల అధికారుల మీద దెబ్బ తీశారు. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. అడవి తెలిసిన వేటగాళ్ళ ఓపిక అక్కడ పనికొచ్చింది. మాటు వెయ్యడం, ఊపిరి బిగబట్టి కూర్చోవడం, ఎవర్ని వదలాలో ఎవర్ని కొట్టాలో చూసుకోవడం, ఇదంతా వేట నేర్పిన చదువే. చేతిలోకి తుపాకీ వచ్చినా చదువు మాత్రం విల్లుదే.

అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల మీదికి వెళ్ళారు. అప్పటికి పోలీసులు జాగ్రత్తపడ్డారు, ఆయుధాలు దొరకలేదు. డిసెంబరు 6న పెదగడ్డపాలెం దగ్గర మలబారు పోలీసు దళంతో జరిగిన పోరాటంలో రాజు వైపు గట్టి నష్టం జరిగింది. మనుషులూ పోయారు, సంపాదించిన తుపాకుల్లో కొన్నీ పోయాయి. తూటాలు అయిపోతే తుపాకీ వట్టి ఇనప కడ్డీ. కొత్త తూటాలు ఇచ్చే కొలిమి మన్యంలో లేదు.

1923 ఏప్రిల్‌లో రాజు కొద్దిమందితో అన్నవరం వచ్చి కొండ మీద దర్శనం చేసుకుని వెళ్ళాడు. జనం ఆదరించారు. కానీ వల బిగుసుకుంటోంది. రాజు తలకి 10,000 రూపాయల వెల కట్టారు. సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డాడు. అస్సాం రైఫిల్స్ దిగింది. ఊళ్ళకి తిండి గింజల రవాణా ఆపేశారు, రాజుకి అన్నం పెట్టారన్న అనుమానం ఉంటే చాలు, చితకబాదారు. మన భీమవరం దగ్గర కుముదవల్లి నుంచి వెళ్ళి రాజు దళంలో చేరిన వేగిరాజు సత్యనారాయణరాజు, అదే అగ్గిరాజు, పట్టుబడి అండమాన్ జైలుకి పోయాడు.

1924 మే నెలలో మంప దగ్గర రాజు దొరికాడు. మే 7న కొయ్యూరులో మేజర్ గుడాల్ విచారణ లేకుండా చెట్టుకి కట్టించి కాల్చి చంపాడు. రాజుకి అప్పటికి 27 ఏళ్ళు నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఆ తర్వాత జూన్‌లో గంటందొర కూడా కాల్పుల్లో పోయాడు. పితూరీ అక్కడితో ముగిసింది.

అదే 1923లో ఇంకోచోట

రాజు తలకి వెల కట్టిన ఆ రోజుల్లోనే, 1923లో, అమెరికాలో సాక్స్‌టన్ పోప్ అనే డాక్టరు విల్లంబులతో వేట గురించి ఒక పుస్తకం వేశాడు. ఆయనకి ఆ విద్య నేర్పింది ఇషి అనే ఆదివాసి. తన యాహి జాతిలో చివరి మనిషిగా మిగిలి 1911లో అడవి నుంచి బయటికొచ్చి, 1916లో క్షయతో చనిపోయాడు. ఇషి రాతిని చెక్కి ములుకులు చేసే తీరు పోప్ దగ్గర కూర్చుని చూశాడు, రాసుకున్నాడు, రాతి ములికినీ ఉక్కు ములికినీ పోల్చి పరీక్షలు చేశాడు. ఇవాళ అక్కడ చేత్తో చేసిన వెడల్పు ములుకుల్ని సేకరించేవాళ్ళు, అద్దాల పెట్టెల్లో వరసగా పేర్చుకునేవాళ్ళు ఉన్నారు. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, ఏ ఉక్కో, ఎంత బరువో అన్నీ రాసిపెట్టుకుంటారు.

ఇషి జాతికి జరిగింది ఘోరం. దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. అయినా అతని చేతిపని మాత్రం అతని పేరుతోనే బతికింది. మన దగ్గర అల్లూరి పేరు బతికింది, గంటందొర, మల్లుదొర పేర్లు బతికాయి. ఆ పొదుల్లోకి ములుకులు కొట్టిచ్చిన ఓజుల పేర్లు మన పాఠాల్లో లేవు. నిజానికి వాళ్ళే మన రాష్ట్రపు పాత ప్రొడక్షన్ ఇంజనీర్లు. డ్రాయింగ్ లేకుండా, టాలరెన్స్ అనే మాట తెలియకుండా, వేటగాడి ఫిర్యాదునే క్వాలిటీ రిపోర్టుగా తీసుకుని పనిచేసినవాళ్ళు.

మన దగ్గరే ఉంది

ఇదంతా ఎక్కడో చింతపల్లి సంగతి అనుకోకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు ఒకేరోజు రెండు పేర్లు వచ్చాయి. ఒకటి అల్లూరి సీతారామరాజు జిల్లా, రెండోది మన ఏలూరు జిల్లా. ఏలూరు జిల్లాకి కింద కొల్లేరు, చేపల చెరువులు. పైన బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు కొండలు, కోయ, కొండరెడ్డి ఊళ్ళు. ఏలూరులో బస్సెక్కితే ఒక్క పూటలో విల్లంబులు తెలిసిన జనం ఉన్న ఊళ్ళు చేరొచ్చు.

వేట గురించి ఎవరికీ తప్పుడు ఆలోచన రాకుండా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువుల వేట నేరం. కొల్లేరులో అయితే 1999 నుంచి అభయారణ్యమే ఉంది, పెలికాన్ల మీద చెయ్యి వేస్తే జైలే. కాబట్టి విల్లు వేటకి తిరిగి రావాలని ఎవరూ కోరడం లేదు. విద్య పోకూడదని మాత్రమే కోరిక. వేట ఆగితే ములికి అక్కర్లేదు. ములికి అక్కర్లేకపోతే దాన్ని సరిగ్గా కొట్టే చెయ్యి ఆగిపోతుంది. కొడవళ్ళు కూడా షాపులో కొనుక్కుంటే కొలిమే ఆరిపోతుంది.

మన చేతిలో ఫోన్ ఉంది, రికార్డర్ ఉంది, క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఉంది. సెలవుల్లో ఆ వైపు ఊళ్ళున్న మిత్రులు ఒక్క కొలిమి దగ్గర, ఆ పెద్దాయన అనుమతి తీసుకుని, ఒక్క పూట కూర్చుంటే చాలు. వస్తువు కొనెయ్యక్కర్లేదు. ములికి ఎన్ని రకాలు, ఒక్కోదాన్ని వాళ్ళ భాషలో ఏమంటారు, తోక ఎంత పొడుగు, ఇనుము ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్ళు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని అడిగి రాసుకుందాం. పైన ఆయన ఒప్పుకుంటే ఆయన పేరు రాద్దాం. వందేళ్ళ కిందట చింతపల్లి స్టేషన్ రికార్డులో 11 తుపాకుల లెక్క ఎక్కింది. ఆ లెక్కలో మిగిలిపోయిన ఖాళీ గడి మనం నింపగలిగినది.